దమ్ముకాలంలో ట్రాక్టరును ఎత్తటం



ఈ పూట నేను విత్తనాన్ని గురించి గాని, ఎరువును గురించి గాని, పురుగుమందును గురించి గాని మాట్లాడటం లేదు. మీ చావిట్లో ఏ మూలనో నూనె కారి, దుమ్ము పట్టి పడివుండే ఒక చిన్న పనిముట్టును గురించి చెప్పదలచాను. దాన్ని మనమంతా జాకీ అంటాం. సీసా ఆకారంలో వుంటుంది గనుక బాటిల్ జాకీ అని కూడా అంటారు. ఏడాదికి నాలుగైదుసార్లు తప్ప దానితో మనకు పని పడదు. ఆ నాలుగైదుసార్లూ మాత్రం, టన్నుల లెక్కన వుండే బరువును దానిమీద మోపి, ఆ బరువు కింద మన చేతులూ కాళ్ళూ పెడతాం.

"వ్యవసాయ విస్తరణాధికారివి, జాకీల సంగతి నీకెందుకయ్యా?" అని మీరు అడగవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నవాణ్ణే. పాలిటెక్నిక్‌లో రెండేళ్ళు చదివి డిప్లొమా పుచ్చుకున్నాను. నారుమడి, నేలల పరీక్ష, తెగుళ్ళు నా పని అనీ, ఇనుప సామాను మెకానిక్కుల పని అనీ నా లెక్క. ఆ లెక్క తప్పని ఎలా తెలిసిందో ముందుగా చెప్పి, తరువాత జాకీ దగ్గరకు వస్తాను.

కాలువలకు నీరు వదిలారన్న కబురు వచ్చిందంటే బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల్లో ఎంత సందడిగా వుంటుందో మీకు నేను చెప్పాలా? అందరికీ ఒక్కసారే దమ్ము కావాలి. నారు ముదిరిపోతుందని ఒకరి ఆత్రం, ఎగువవాళ్ళు నీరు కట్టేస్తారని ఇంకొకరి ఆత్రం. మన బంకమట్టి దమ్ములో రబ్బరు టైరు జారుతుంది, కూరుకుపోతుంది. అందుకని వెనుక టైర్లు రెండూ విప్పి ఇనుప దమ్ము చక్రాలు, అంటే కేజ్ వీల్సు, ఎక్కిస్తాం. కొందరు టైర్లను వుంచి వాటి పక్కన సగం చక్రాలు బిగిస్తారు. ఆ పద్ధతిలో అంతగా ఎత్తవలసిన అవసరం రాదు. పూర్తి చక్రాలు వేయాలంటే మాత్రం ట్రాక్టరు వెనుకభాగాన్ని నేలనుంచి లేపక తప్పదు. ఇనుప చక్రాలతో తారురోడ్డు ఎక్కితే రోడ్డు పాడవుతుంది, అధికారులూ వూరుకోరు. కాబట్టి వూరు మారినప్పుడల్లా మళ్ళీ టైర్లు, పొలం దగ్గర మళ్ళీ చక్రాలు. ఈ మార్పిడి అంతా వానలో, తడినేలమీద, గట్టున నలుగురు రైతులు "ఇంకెంతసేపు?" అంటూ నిలబడి వుండగా జరుగుతుంది.

2018వ సంవత్సరం జూలై నెల. నాగాయలంక వైపు ఒక వూరికి వెళ్ళాను. చౌడుకు తట్టుకునే వరి రకాన్ని గురించి, బందరు పరిశోధనాస్థానంవారి ఎం.సి.ఎం. 100 గురించి, ఒక పెద్దరైతుకు చెప్పాలని నా వుద్దేశం. వాన అప్పుడే వెలిసింది. ఆయనా, ఆయన చిన్నకొడుకూ ఇంటిముందు దొడ్లో ట్రాక్టరుకు చక్రాలు మారుస్తున్నారు. జాకీ కింద రెండు ఇటుకలు. ఇటుకల కింద తడిమట్టి. ఒక ఇటుక అంచు అప్పటికే పొడిపొడిగా రాలుతున్నది. అది నా కంటబడింది.

"కాసేపు కూర్చోండి సార్, ఈ చక్రం ఎక్కించి వచ్చేస్తా" అన్నారాయన.

"కానివ్వండి బాబాయిగారూ, తొందరేం లేదు" అన్నాను. మంచంమీద కూర్చుని వాళ్ళిచ్చిన మజ్జిగ తాగుతూ, పని చేసుకుంటున్న మనిషితోనే చౌడును గురించి అరగంటసేపు మాట్లాడాను. ఇటుకను గురించి ఒక్క ముక్క అనలేదు. వాళ్ళ బండి వాళ్ళకు తెలియదా అనుకున్నాను.

టైరు విప్పారు. ఒక నట్టు జారి ఇరుసు కిందికి దొర్లింది. అబ్బాయి దాన్ని అందుకోబోయాడు. ఇటుక పటుక్కున పగిలింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. పక్కకు ఒరిగిన జాకీకీ, ఇరుసు గొట్టానికీ నడుమ ఆ పిల్లవాడి చెయ్యి చిక్కుకుంది. ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి తాటిదూలం వేసి ఎత్తేదాకా చెయ్యి బయటికి రాలేదు. కుడిచేతి వేళ్ళు రెండు తీసేశారు. అప్పుడు అతను ఇంటరు చదువుతున్నాడు.

వారం పోయాక చూడబోతే ఆ తండ్రి నాతో అన్నమాట ఒకటే. "ముప్పయ్యేళ్ళబట్టీ ఇట్టాగే చేస్తున్నాం సార్. ఏనాడూ ఏం కాలేదు." నన్ను ఆయన ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆ తరువాత గుడివాడలో ట్రాక్టర్ల షెడ్డు నడిపే ఒక పెద్దమేస్త్రి దగ్గరకు వెళ్ళి, సెలవురోజుల్లో ఆయన పక్కన కూర్చుని ఈ పని నేర్చుకున్నాను. ఆయన మొదటిరోజే ఒకమాట చెప్పాడు. "బాబూ, జాకీ ఎత్తుద్ది. మొయ్యదు. మొయ్యటానికి కింద వేరే పెట్టాల." ఇప్పుడు మీకు నేను చెప్పబోయేదంతా ఈ మాటకు టీక మాత్రమే.

జాకీ మోయదని ఎందుకన్నాడు? దాని కడుపులో ఏమున్నదో చూస్తే తెలుస్తుంది. అందులో నూనె వుంటుంది. ఒక చిన్న గొట్టం, ఒక పెద్ద గొట్టం వుంటాయి. మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్నివైపులకూ సమానంగా పాకుతుందని ఫ్రాన్సు దేశపు పాస్కల్ 17వ శతాబ్దంలో కనిపెట్టాడు. ఆ సూత్రంతో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా అనే ఆయన 1795లో నీటి ఒత్తిడి యంత్రానికి పేటెంటు పుచ్చుకున్నాడు. మన జాకీ ఆ యంత్రానికి మునిమనుమడు అనుకోండి.

ఒక లెక్క చూద్దాం. చిన్న ప్లంజరు వ్యాసం 12 మిల్లీమీటర్లు, పెద్ద పిస్టన్ వ్యాసం 36 మిల్లీమీటర్లు అనుకుందాం. వ్యాసం మూడు రెట్లయితే వైశాల్యం తొమ్మిది రెట్లు. ఆపైన, మనం పట్టుకుని ఆడించే పిడి 60 సెంటీమీటర్ల పొడవుండి, కీలు నుంచి ప్లంజరు 3 సెంటీమీటర్ల దూరంలో వుంటే అక్కడ ఇరవై రెట్లు. తొమ్మిది ఇరవైలు 180. అంటే మీరు చేత్తో 10 కిలోల బరువున నొక్కితే, ఒరిపిడికి పోయింది పోగా, 1,800 కిలోల దాకా ఎత్తవచ్చు. ఊరికే వచ్చిందేమీ లేదు సుమండీ. ప్లంజరు 2 సెంటీమీటర్లు దిగితే పిస్టన్ లేచేది 2 మిల్లీమీటర్ల పైచిల్లర. అందుకే అన్నిసార్లు కొట్టాల్సి వస్తుంది.

సరే, ఎత్తిన తరువాత ఆ బరువంతా దేనిమీద నిలిచివున్నది? ఒక ఆయిల్ సీలుమీద, మిరియపు గింజంత వుండే ఇనుప గోలీమీద. నూనె వెనక్కు పోకుండా ఆపేది ఆ గోలీయే. దాని కింద ఇసుక రేణువంత మురికి ఇరుక్కున్నా చాలు, నూనె సన్నగా వెనక్కు జారుతుంది. సీలు ఎండి పగిలినా అంతే. ఒక్కొక్కసారి కంటికి తెలియనంత నిదానంగా దిగుతుంది, ఒక్కొక్కసారి ఒక్కసారిగా దిగిపోతుంది. ఎప్పుడు ఏ విధంగా దిగుతుందో పైనుంచి చూసి చెప్పటం మేస్త్రికి కూడా సాధ్యం కాదు.

మన తాతలకు ఈ సంగతి తెలుసునండీ. ఎడ్లబండి ఇరుసుకు కందెన వేసేటప్పుడు బండిని భుజంతో ఎత్తి, ఊతకర్ర పెట్టి, అది కుదురుగా నిలిచిందని చూసుకున్నాకనే చక్రం లాగేవారు. మనిషి భుజం అలిసిపోతుందని వారికి తెలుసు. జాకీ కూడా అలిసిపోయే వస్తువేనని మనం మరిచిపోయాం.

ఇక నేల సంగతికి వస్తాను. ఈ విషయంలో మన దివిసీమ, బందరు నేలలకు వున్న చిక్కు మెట్టప్రాంతాలవారికి అంతగా లేదు. మనది బంకమట్టి. ఎండకు చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బి మెత్తబడుతుంది. దానిమీద జాకీ పెట్టామనుకోండి. జాకీ పాదం సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు. అంటే 100 చదరపు సెంటీమీటర్లు. ట్రాక్టరు వెనుక ఒక పక్కను ఎత్తితే జాకీమీద 800 కిలోలు పడిందనుకుందాం. చదరపు సెంటీమీటరుకు 8 కిలోలు. మీరు బురదలో రెండుకాళ్ళమీద నిలబడితే పాదాల కింద పడే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు పావుకిలో కూడా వుండదు. అయినా దమ్ముచేలో పిక్కల దాకా దిగిపోతారు గదా! మరి 8 కిలోల ఒత్తిడికి తడిమట్టి ఆగుతుందా?

అదే జాకీ కింద రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు వున్న చెక్క వేయండి. 60 సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్లు, వెరసి 1,800 చదరపు సెంటీమీటర్లు. అవే 800 కిలోలు ఇప్పుడు చదరపు సెంటీమీటరుకు అరకిలో లోపు పడతాయి. అయితే చెక్క వంగకూడదు. వంగితే బరువు మళ్ళీ నడుమనే పడుతుంది. కనీసం మూడంగుళాల మందం వుండాలి. తుమ్మచెక్క శ్రేష్ఠం. పాత రైలు స్లీపరు ముక్క దొరికితే మరీ మంచిది. పలుచని చెక్కలే వుంటే ఒకటి నిలువుగా, దానిమీద ఇంకొకటి అడ్డంగా వేయండి. చెక్క పెట్టేముందు పైన జారుడుమట్టిని పారతో చెక్కి, గట్టినేల తేల్చి, చదును చేయండి. బురదమీద ఎంతపెద్ద చెక్క వేసినా పడవలాగా ఒక పక్కకు ఒరుగుతుంది.

ఇటుకను మాత్రం ముట్టుకోవద్దు. గుల్ల సిమెంటు దిమ్మెలనూ ముట్టుకోవద్దు. ఇవి గోడలో వరుసగా పేర్చినప్పుడు బరువు మోస్తాయి. జాకీ పాదంలాంటి చిన్నవస్తువు నడుమన కూర్చుంటే ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా పగిలిపోతాయి. చెక్క అలా కాదు. విరగబోయేముందు కిరకిరమంటుంది, చీలిక కనిపిస్తుంది, మనకు ఒక్క క్షణమైనా వ్యవధి ఇస్తుంది.

దొడ్డిలో సిమెంటు చప్టా వున్నదని ధైర్యపడేవారికి ఒకమాట. మన నేల వేసవిలో కుంచించుకుపోతుంది గనుక పలుచని చప్టా కింద గుల్ల ఏర్పడి వుంటుంది. కర్రతో తట్టి చూడండి. డొల్లమోత వస్తే అక్కడ జాకీ పెట్టవద్దు. ఏటా చక్రాలు మార్చుకునేవారు ఒకచోట మూడడుగుల చదరం తవ్వి, ఇసుక పోసి తడిపి కూరి, పైన అరడుగు మందాన కాంక్రీటు పోయించుకుంటే ఎన్నో ఏళ్ళు నిశ్చింత.

నేల కుదిరింది. ఇప్పుడు ట్రాక్టరును కదలకుండా నిలపాలి. "గేరులో వుంచాంగదా, ఎక్కడికి పోతుంది?" అంటారు. ఇక్కడ ఒక మోసం వున్నది. వెనుక రెండు చక్రాలకూ నడుమ డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల అమరిక వుంటుంది. మలుపులో ఒక చక్రం ఎక్కువ, ఒకటి తక్కువ తిరగటానికి అది అవసరం. కాని ఒక చక్రం గాలిలోకి లేచిందంటే, అది స్వేచ్ఛగా తిరుగుతుంది గనుక నేలమీది చక్రం కూడా తిరగగలదు. గేరు పట్టు పోయినట్టే. బ్రేకులా? ఎడమ చక్రానికి వేరు, కుడి చక్రానికి వేరు. రెండు పెడళ్ళనూ కలిపే గొళ్ళెం వేసి చేతిబ్రేకు లాగినా, లేచిన పక్క బ్రేకు వల్ల వుపయోగం లేదు. ఇక ఆపేది ఒక్క పక్క బ్రేకే. అందుచేత ముందు చక్రాలు రెంటికీ, ముందూ వెనుకా అడ్డుచెక్కలు వేయాలి. రథోత్సవంలో రథచక్రాల కింద చెక్కలు వేసేవాళ్ళను చూశారా? వందలమంది లాగే రథాన్ని ఆ చెక్కే నిలబెడుతుంది. అటువంటి చెక్కలు నాలుగు చేయించి చావిట్లో పెట్టుకోండి. ఏ రాయో, కొబ్బరిబొండమో అడ్డుపెట్టి సరిపెట్టుకోవద్దు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ట్రాక్టరు ముందు ఇరుసు నడుమ ఒక పిన్నుమీద ఉయ్యాలలాగా ఆడుతుంది. ఎగుడుదిగుడు నేలలో నాలుగు చక్రాలూ నేలను అంటివుండటానికి అలా చేశారు. వెనుక ఒక పక్క జాకీమీద లేపితే, మన ట్రాక్టరు అప్పుడు నాలుగు కాళ్ళమీద లేదు. ముందున వున్న పిన్ను ఒకటి, వెనుక నేలమీది టైరు ఒకటి, జాకీ ఒకటి. మూడుకాళ్ళ ముక్కాలిపీట. అందులో ఒక కాలు జాకీ! అది జారితే మిగిలిన రెండూ ఆపలేవు. కాబట్టి ఎత్తకముందే ముందు ఇరుసుకూ పైనున్న చట్రానికీ మధ్య సందులో, ఇరుపక్కలా గట్టి చెక్కచీలికలు దిగగొట్టండి. ఉయ్యాల ఆగిపోతుంది. పొలానికి పోయేముందు వాటిని మరిచిపోకుండా తీసేయాలి.

ఇప్పుడు పని మొదలుపెడదాం. టైరు నేలమీద వుండగానే నట్లన్నీ అరమర చొప్పున వదులు చేయండి. బండి గాలిలో వుండగా పానాతో గుంజితే ఆ కుదుపు జాకీకి తగులుతుంది. జాకీ తల ఇరుసు గొట్టం కింద, కంపెనీవారి పుస్తకంలో చూపిన చోట ఆనించండి. గేర్‌బాక్సు కింద పెట్టవద్దు, నాగలి తగిలించే కడ్డీల కింద అసలే వద్దు. ఇనుముమీద ఇనుము జారుతుంది గనుక మధ్యన ఒక గట్టి చెక్కముక్క వుండాలి. గొట్టం గుండ్రంగా వుంటే చెక్కను గాడిగా చెక్కించుకోండి. జాకీ తూచినట్టు నిలువుగా వుండాలి. ఒరిగితే ఆపి, దించి, మళ్ళీ మొదటినుంచి. "ఇంకో రెండు దెబ్బలేగదా" అనే మాట ఆ అబ్బాయి తండ్రి నోట కూడా వచ్చింది.

ఎంత ఎత్తాలి? టైరు నేల వదిలితే చాలు, ఇంకో అంగుళం, అంతే. దమ్ముచక్రం టైరుకన్నా పెద్దదైతే ఆ మేరకు. జాకీ పిస్టన్ చివరిదాకా లేపవద్దు. ఎత్తు చాలకపోతే చెక్కలు పెంచి మొదలుపెట్టాలి.

లేపగానే, నట్టు ముట్టుకోకముందే, ఇరుసు గొట్టం కింద స్టాండు పెట్టండి. మూడో నాలుగో కాళ్ళతో, మధ్యలో రంధ్రాలున్న కడ్డీతో, బలమైన పిన్నుతో వుండే ఇనుప స్టాండ్లు పట్నంలో దొరుకుతాయి. వాటిమీద ఎంత బరువు మోస్తాయో రాసి వుంటుంది. మీ అవసరానికి రెట్టింపు మోసేవి తీసుకోండి. ఒక జతకు అయ్యే ఖర్చు కొన్ని గంటల దమ్ము కిరాయికి మించదు. సన్నకాళ్ళ స్టాండు కూడా మట్టిలో దిగుతుంది గనుక దానికిందా చెక్క వేయాలి. స్టాండు లేకపోతే దుంగముక్కలతో గూడు కట్టండి. రెండు నిలువుగా, వాటిమీద రెండు అడ్డంగా, మళ్ళీ రెండు నిలువుగా. గూడు ఎత్తు దాని వెడల్పుకు రెండింతలు దాటకూడదు. స్టాండో, గూడో అమరాక జాకీని కొంచెం దించి బరువును దానిమీద కూర్చోబెట్టండి. జాకీని మాత్రం తీసేయకండి, తాకీతాకనట్టు తోడుగా అక్కడే వుండనివ్వండి. అప్పుడు దూరంగా నిలబడి చేత్తో ట్రాక్టరును ఒకసారి వూపండి. పడేదైతే అప్పుడే పడాలి, మన చెయ్యి లోపల వున్నప్పుడు కాదు.

విప్పిన టైరుతో కూడా జాగ్రత్త. ట్యూబులో నీళ్ళు నింపిన టైరు, రిమ్ముతో కలిపి, 200 కిలోలకు తగ్గదు. దాన్ని గోడకు ఆనించి వదిలేస్తే, అటుగా ఆడుకునే పిల్లలమీద పడితే ఇంకేముంది! పడుకోబెట్టండి. కుదరకపోతే చావిడి స్తంభానికి మోకుతో కట్టండి.

దించేటప్పుడు జాకీతో కొంచెం లేపి, స్టాండు తీసి, మరను పావువంతు మాత్రం వదలండి. ఒక్కసారిగా తిప్పేస్తే బండి ధబ్బున కూలబడుతుంది. నట్ల చివరి బిగింపు నేలమీదికి వచ్చాకనే, ఎదురెదురు నట్లు ఒకదాని తరువాత ఒకటిగా. గంటసేపు దమ్ము చేశాక మళ్ళీ ఒకసారి పానా వేసి చూడండి.

జాకీ సంరక్షణ పెద్ద పనేమీ కాదు. పని అయ్యాక పిస్టన్‌ను పూర్తిగా లోపలికి దించి, తుడిచి, నిలువుగా వుంచాలి. ఉప్పుగాలి తగిలే నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను వైపు పిస్టన్‌కు తుప్పు పొక్కులు త్వరగా వస్తాయి. ఆ పొక్కులు సీలును కోసేస్తాయి. నూనె తగ్గితే హైడ్రాలిక్ ఆయిలే పోయాలి. బ్రేకు ఆయిలు పోస్తే సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. కొట్టినా గట్టిగా లేవకుండా మెత్తగా ఆడుతుంటే లోపల గాలి చేరిందన్నమాట. బరువు లేకుండా మర వదిలి పదిసార్లు కొడితే గాలి పోతుంది. అప్పటికీ దిగిపోతూ వుంటే సీళ్ళు మార్పించాలి, లేదా పాత ఇనుముకు వేసేయాలి. అటువంటి జాకీని పక్కింటివారు ఎరువు అడిగితే ఇవ్వకండి.

ట్రాక్టరు సొంత హైడ్రాలిక్‌కు కూడా ఈ మాటే వర్తిస్తుంది. రోటవేటరును పైకి లేపి, దాని కింద దూరి బ్లేళ్ళు మార్చేవారిని నేను చూశాను. పైన సీట్లో పిల్లవాడు కూర్చుని లీవరు కదిపితే? ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, రోటవేటరు కింద దుంగలు పెట్టి, దాన్ని వాటిమీదికి దించాకనే పానా పట్టాలి. తొట్టి లేపే ట్రక్కులకు గ్రీజు పెట్టేటప్పుడు కూడా తొట్టికి ఇనుప ఊతం లేకుండా లోపల తల పెట్టరాదు.

ఇప్పుడు పశువులు తగ్గిన చావిళ్ళలో కార్లు చేరుతున్నాయి. కారుతో ఇచ్చే చిన్న జాకీ స్టెప్నీ మార్చటానికే ఇచ్చారు. దానిమీద కారు లేపి, నూనె ఎక్కడ కారుతున్నదోనని కింద దూరరాదు. చక్రాల జాకీ, అదే ట్రాలీ జాకీ, కొనేవారు ఒకటి గమనించాలి. దాని చెయ్యి వంపుగా లేస్తుంది గనుక, లేచేకొద్దీ జాకీ కొంచెం ముందుకు దొర్లాలి. మట్టిలో చక్రాలు దిగబడి దొర్లకపోతే కారునే పక్కకు గుంజుతుంది. పైగా పశువుల చావిడి చప్టా, పేడనీళ్ళు పోవటానికి, కాలువ వైపు వాలుగా వుంటుంది. కారు కూడా ఆ వాలునే పోతుంది.

ఇళ్ళలో పెట్టుకునే లిఫ్టులు కూడా ఇప్పుడు వున్నాయి. అమెరికా, ఐరోపా దేశాల్లో ఇంటి గ్యారేజీల్లో వాడతారు. రెండు ఇనుప చట్రాలను కారు కింద చెరొక పక్కా తోసి, నూనె గొట్టాలు తగిలించి, చిన్న మోటారు పంపుతో లేపుతారు. మనిషి వెల్లకిల పడుకుని పనిచేసుకునేంత ఎత్తున కారు మొత్తం లేస్తుంది. పని అయ్యాక చట్రాలను గోడకు చేర్చుకోవచ్చు. మంచి వస్తువే. కాని దానిలో కూడా నూనెను నమ్ముకోమని చేసినవారే చెప్పలేదు. కావలసిన ఎత్తుకు లేపాక ఇనుప గడియ పడుతుంది. బరువును గడియమీదికి దించి, రెండు పక్కలా పడిందని కంటితో చూశాకనే కిందికి పోవాలి. కారు పక్కల అంచున, ముందు చక్రం వెనుకా వెనుక చక్రం ముందూ ఆనించే చోట్లు గుర్తుపెట్టి వుంటాయి. రబ్బరు దిమ్మెలు అక్కడే ఆనాలి. నేల సమంగా, మందంగా కాంక్రీటు అయివుండాలి. మన మట్టిదొడ్లలో దానికి చోటు లేదు.

తోటి విస్తరణ వుద్యోగులకు ఒక మనవి. దమ్ముకాలంలో వూళ్ళోకి వెళ్ళినప్పుడు ఎవరైనా జాకీ వేసి వుంటే, మీరు చెప్పదలచిన ఎరువు సంగతి కాసేపు ఆపి దాని కిందికి చూడండి. పెద్దవారికి చెప్పటానికి మొహమాటపడకండి. "బాబాయిగారూ, ఒక్కనిమిషం, ఈ చెక్క వేద్దాం" అని మీరే చెక్క తెచ్చి వేస్తే ఎవరూ కోపగించుకోరు. నేను ఇప్పుడు మోటారుసైకిలుకు వెనుక ఒక తుమ్మచెక్క కట్టుకుని తిరుగుతున్నాను. నన్ను చూసి నవ్వేవాళ్ళు వున్నారు. అడిగి తీసుకునేవాళ్ళూ వున్నారు.

ఎంత జాగ్రత్తపడినా ఒకవేళ మనిషి కింద చిక్కుకుంటే, కంగారుపడి లాగవద్దు. ఒకరు 108కి ఫోను చేయాలి. ఒకరు ముందు చక్రాలకు అడ్డు వేయాలి. ఇంజను నడిపి బండిని కదిలించబోవద్దు. పడిపోయిన జాకీని మళ్ళీ అదేచోట పెట్టవద్దు, అక్కడి నేల దానిని ఒకసారి మోసం చేసింది. వేరే జాకీతో, వేరేచోట, చెక్కమీద పెట్టి లేపండి. లేపిన ప్రతి రెండంగుళాలకూ కింద దుంగ దోపుతూ రండి. అప్పుడే మనిషిని తీయండి.

ఆ నాగాయలంక వైపు అబ్బాయి ఇప్పుడు ఆ ట్రాక్టరు తానే నడుపుతున్నాడు. మిగిలిన మూడు వేళ్ళతో పానా పట్టటం అలవాటు చేసుకున్నాడు. కిందటి జూలైలో వాళ్ళ దొడ్లోకి వెళితే కాంక్రీటు చదరంమీద ట్రాక్టరు, దాని కింద రెండు స్టాండ్లు వున్నాయి. పెద్దాయన మంచం కొంచెం దూరంగా వేసి, "ముందు చక్రాలకు అడ్డేశావంట్రా?" అని కేకవేసి అడుగుతున్నారు.